చెల్లుచీటీతో వీడిన చెర: రామదాసు బందిఖానా ఘట్టం – కృష్ణాతీరపు చారిత్రక నేపథ్యం

ఉపోద్ఘాతం

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదం వద్ద కొండను తొలిచి నిర్మించిన గుహాలయాలున్నాయి. శిల్పరీతిని బట్టి వీటిని క్రీ.శ. 6, 7 శతాబ్దాల నాటివిగా చరిత్రకారులు భావిస్తారు. జనం వాటిని పిలిచే పేరు మాత్రం సుమారు వేయేళ్ల తర్వాతి కాలానిది. అవి అక్కన్న మాదన్న గుహలు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులో అధికారం నెరపిన ఆ సోదరులు ఇక్కడ విడిది చేసి కచేరీ నడిపారని స్థానికుల నమ్మకం. ఇక్కడికి దిగువన, కృష్ణానది సముద్రంలో కలిసే దిశలో, కూచిపూడి ఉంది. ఆ గ్రామాన్ని అదే సుల్తాను 1678లో భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. మరికొంత దూరంలో ఉన్న మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. ఈ మూడు చోట్లా వినిపించే తానీషా, అక్కన్న, మాదన్న అనే పేర్లు తెలుగువారి మనసులో మరొక కథతో ముడిపడి ఉన్నాయి. అది భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న చెర కథ.

గోపన్న కథకు రంగస్థలం గోల్కొండ, భద్రాచలం. అయినా హరికథగా, నాటకంగా, భజనగా, ఆకాశవాణి ప్రసారంగా, చలనచిత్రంగా కృష్ణా డెల్టాలో అది తరతరాలుగా వినబడుతూనే ఉంది. ఆ కథలో పతాకఘట్టం బందీ విడుదల. ఆ ఘట్టంలో ఎవరూ గోడ దూకరు, కావలివాడిని ఏమార్చరు, యుద్ధం చేయరు. బాకీ చెల్లుతుంది, చెల్లుచీటీ పుడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. తెలుగువారికి అత్యంత ప్రియమైన చెర కథలో విముక్తి ఈ రూపం ఎందుకు ధరించింది? దానికి సమాధానాన్ని భక్తితత్త్వంలో మాత్రమే కాక, ఆనాటి ఆదాయ వ్యవస్థలోనూ వెదకవలసి ఉంటుందనీ, ఆ వ్యవస్థకు బలమైన సాక్ష్యం కృష్ణాతీరంలోనే దొరుకుతుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చెర వీడే మార్గాలు

రామదాసు కథ పుట్టే నాటికే తెలుగు శ్రోతకు చెర కథలు కొత్త కావు. భాగవతంలో కంసుని చెరలో ఉన్న వసుదేవుని సంకెళ్లు వాటంతటవే ఊడిపోతాయి. కావలివారు నిద్రలో మునుగుతారు, తలుపులు తెరుచుకుంటాయి, యమున దారి ఇస్తుంది. పోతన తెలుగు ద్వారా ఈ దృశ్యం ఇంటింటికీ చేరింది. ఇది రహస్యంగా దాటిపోయే మార్గం. అయితే అక్కడ దాటిపోయేది శిశువు మాత్రమే. తండ్రి తిరిగివచ్చి మళ్లీ చెరలోనే ఉంటాడు. రెండవ మార్గం ఉషాపరిణయ కథలో కనిపిస్తుంది. బాణాసురుడు నాగపాశాలతో బంధించిన అనిరుద్ధుని విడిపించడానికి శ్రీకృష్ణుడు సైన్యంతో శోణపురం మీదికి వెళ్తాడు. ఇది యుద్ధమార్గం. కూచిపూడి భాగవతుల యక్షగానాలలో ఉషాపరిణయం ప్రధానమైనది కనుక డెల్టా గ్రామాల ప్రేక్షకులు దీనిని కన్నులారా చూసినవారే.

మూడవ ఉదాహరణ రామాయణంలోనిది. అశోకవనంలో హనుమంతుడు సీతను తన వీపున ఎక్కించుకొని సముద్రం దాటిస్తానంటాడు. ఆమె అంగీకరించదు. రాముడే వచ్చి, శత్రువును జయించి తీసుకువెళ్లడం ఆయనకు తగిన పని అంటుంది. తప్పించుకొనే అవకాశం చేతికందినా వదులుకున్న బందీ ఆమె. చెర వీడడమే చాలదు, ఏ పద్ధతిలో వీడిందన్నదీ ముఖ్యమే అనే భావన ఇక్కడ స్పష్టం. రామదాసు తన కీర్తనలో రాముని ఒప్పించవలసిందిగా సీతమ్మను వేడుకొంటాడు. ఆమె రాముని పత్ని కావడం అందుకు చాలిన కారణమే. అయితే చెర అంటే ఏమిటో అనుభవించినది కూడా ఆమెయే అన్న సంగతిని గుర్తుంచుకొని చదివితే ఆ విన్నపానికి మరింత లోతు కలుగుతుంది.

ఈ మూడింటికీ భిన్నమైనది రామదాసు విడుదల. కథాసారం ప్రసిద్ధమే. నేలకొండపల్లికి చెందిన గోపన్న మేనమామల పలుకుబడితో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. భద్రాచలంలో రామాలయం కట్టించి, దేవతలకు నగలు చేయించాడు. అందుకు సర్కారు సొమ్ము వాడాడన్న నేరం మీద గోల్కొండలో పన్నెండేళ్లు చెర అనుభవించాడు. చివరకు ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు తానీషా ఎదుట నిలిచి, గోపన్న పక్షాన ఆరు లక్షల బాకీ చెల్లించి, రసీదు తీసుకొని, దానిని నిద్రిస్తున్న గోపన్న తలగడ కింద పెట్టి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి సుల్తానుకు వచ్చినవారెవరో అర్థమైంది.

మచిలీపట్నం సాక్ష్యం

ఈ కథలో దైవికమైన అంశాన్ని పక్కన పెడితే మిగిలేది శుద్ధ రెవెన్యూ వ్యవహారం. ఒక అధికారి సర్కారుకు సొమ్ము పడ్డాడు. అది తీర్చేదాకా అతనిని నిర్బంధించి, హింసించారు. తీరగానే వదిలారు. నేటి అర్థంలో ఇది నేరానికి విధించిన కారాగార శిక్ష కాదు. న్యాయస్థానం ఇన్నేళ్లని కాలం నిర్ణయించదు. బాకీ ఎంతకాలం ఉంటే చెర అంతకాలం. ఈ తేడాను గుర్తించకపోతే కథలోని చెల్లుచీటీ ఒక అలంకారంగా మిగిలిపోతుంది.

గోల్కొండ రాజ్యంలో ఈ పద్ధతి నిజంగా అమలులో ఉండేదనడానికి తీరాంధ్రలో సాక్ష్యం ఉంది. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఉన్న విలియం మెథ్వోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని వర్ణిస్తూ ఒక వృత్తాంతం రాశాడు. అది 1626లో పర్చాస్ సంకలనంలో అచ్చయింది. రాజ్యంలోని ప్రాంతాల ఆదాయాన్ని ఏటేటా ఇజారాకు ఇస్తారని అతడు చెప్పాడు. పాట పాడుకొన్నవాడు ఒప్పుకొన్న మొత్తాన్ని గడువులోగా దివాణానికి చేర్చాలి. తక్కువపడితే భరించవలసింది అతని దేహమే. మచిలీపట్నం పాలకుడొకడు పూర్తి మొత్తం చెల్లించలేకపోయినందుకు వీపు మీద, పాదాల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టగా మరణించిన సంగతిని మెథ్వోల్డ్ నమోదు చేశాడు.

ఇది అబుల్ హసన్ రాజ్యానికి అర్ధశతాబ్దం ముందటి మాట. కనుక రామదాసు నిర్బంధానికి దీనిని నేరుగా రుజువుగా చూపలేము. కాని ఆ నిర్బంధం ఎలాంటి వ్యవస్థలో జరిగిందో ఇది చూపిస్తుంది. శిస్తు బకాయికి దెబ్బలు, నిర్బంధం ఒక సుల్తాను క్రూరత్వం వల్లనో, ఒక మతద్వేషం వల్లనో పుట్టినవి కావు. అవి ఆదాయ యంత్రాంగంలో భాగాలు. ఆ యంత్రాంగాన్ని నడిపినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. అబుల్ హసన్ కాలంలో దానికి అధిపతి సాక్షాత్తు మాదన్నే. మచిలీపట్నంలోని డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావార్ట్ 1693లో ప్రచురించిన కోరమాండల్ చరిత్రలో ఈ సోదరుల ప్రాభవాన్ని గురించి విశేషంగా రాశాడు. మేనల్లుడి చెర మేనమామల చేతిలోని వ్యవస్థలోనే జరిగిందన్నది కథలోని కఠినమైన నిజం. కథకులు దీనిని ఎక్కువగా తడవరు. అయినా కథ దానిని దాచనూ లేదు.

పన్నెండేళ్ల లెక్క

సంప్రదాయం చెప్పే పన్నెండేళ్ల కాలాన్ని పరిశీలించడం అవసరం. అబుల్ హసన్ 1672లో గద్దెనెక్కాడు. 1674 ప్రాంతంలో మాదన్న ప్రధానాధికారి అయ్యాడు. 1686 మార్చిలో అక్కన్న మాదన్నలు హైదరాబాదులో హత్యకు గురయ్యారు. 1687 సెప్టెంబరులో గోల్కొండ మొగలుల వశమైంది. మాదన్న ప్రాబల్యం వల్లనే గోపన్నకు ఉద్యోగం దొరికిందన్న కథనాన్నీ, అతనిని విడిచిపెట్టినది తానీషాయే అన్న కథనాన్నీ రెండింటినీ అంగీకరిస్తే, ఉద్యోగం, ఆలయ నిర్మాణం, చెర, విడుదల అన్నీ సుమారు పదమూడేళ్లలో ముగియాలి. అందులో పన్నెండేళ్లు చెరకే పోతే గుడి కట్టడానికి మిగిలేది ఏడాది. ఇది కుదిరే లెక్క కాదు.

కనుక పన్నెండును సంవత్సరాల లెక్కగా కాక కథాసంఖ్యగా గ్రహించడం సమంజసం. పాండవుల అరణ్యవాసం వల్ల ఆ సంఖ్య కష్టకాలానికి గుర్తుగా స్థిరపడింది. రామదాసు కథ దానికి తనదైన కారణాన్ని కూడా చేర్చుకొంది. పూర్వజన్మలో అతడు ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించాడు; రోజుకొక ఏడు చొప్పున ఈ జన్మలో అనుభవించాడు. ఈ ఉపకథను కేవలం కర్మసిద్ధాంత బోధగా చదవడం పరిపాటి. కాని ఇక్కడా పనిచేసేది లెక్కే. బాకీ ఉంది, వడ్డీతో పెరిగింది, తీరింది. సర్కారు కవిలెలో ఒక పద్దు, దైవం కవిలెలో మరొక పద్దు. రెండూ ఒకే రాత్రి చెల్లిపోతాయి. పైగా చిలుకను బంధించినవాడు బందీ కావడం వల్ల, అతడు నిరపరాధి అన్న సులభమైన ఊరట శ్రోతకు దక్కదు.

కీర్తనల్లో లెక్కల భాష

గోపన్న రచనలలో దాశరథీ శతకం అతని గోత్రాన్నీ, తండ్రి పేరునూ, వంశనామాన్నీ చెప్పి చారిత్రక వ్యక్తిగా అతని ఉనికిని స్థిరపరుస్తుంది. చెర అనుభవం మాత్రం కీర్తనలలో ముద్ర వేసింది. వాటిలో నగల ఖర్చును ఏకరువు పెట్టే కీర్తన అత్యంత ప్రసిద్ధం. భరతునికి ఏమి చేయించాడో, శత్రుఘ్నునికి ఏమి చేయించాడో, లక్ష్మణునికి ఏ పతకమో, సీతమ్మకు చింతాకు పతకమో వరుసగా చెప్పి, పదివేల లెక్కలు వినిపిస్తాడు. చరణానికొక పద్దు. తర్వాత నిలదీస్తాడు. ఇవన్నీ ఎవరి సొమ్ముతో అలంకరించుకొన్నావు, తండ్రి దశరథుడు పంపాడా, మామ జనకుడు పెట్టాడా అని రాముణ్ణి ప్రశ్నిస్తాడు.

ఈ కీర్తనను నిందాస్తుతిగా వర్గీకరించడం అలవాటు. అది సరైనదే గాని సంపూర్ణం కాదు. ఎవరి సొమ్ముతో ఇదంతా చేశావన్నది బందిఖానాలో దివాణపు మనుషులు గోపన్నను అడిగే ప్రశ్న. అతడు దానిని అదే భాషలో, అవే అంకెలతో రాముని మీదికి తిప్పుతున్నాడు. తనను విచారించే పద్ధతిలోనే దైవాన్ని విచారిస్తున్నాడు. జమాఖర్చులు రాసి జీవించిన ఉద్యోగికి సహజమైన కావ్యరూపం ఇది. భక్తికవులలో దైవాన్ని తిట్టినవారు ఇంకా ఉన్నారు. దైవం పేర ఖర్చు పద్దు రాసి చూపినవాడిగా రామదాసు ప్రత్యేకుడు.

ఆ కీర్తన అక్కడితో ఆగదు. తిట్టినందుకు నొచ్చుకోవద్దనీ, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాననీ చివర వేడుకొంటాడు. మెథ్వోల్డ్ వర్ణించిన బెత్తాల సంగతి తెలిసిన పాఠకునికి ఆ మాట ఉపచారంగా తోచదు. కావ్యసంప్రదాయంలో దొరికే ఆర్తి వేరు, దేహం మీద పడిన దెబ్బ పలికించే ఆర్తి వేరు. తీరాంధ్ర సాక్ష్యమూ, కీర్తన చరణమూ ఒకదానినొకటి వెలిగించే చోటు ఇదే.

నిద్రపోయిన బందీ

విడుదల ఘట్టంలోని నాటకీయత మరొక విశేషం. వసుదేవుని కథలో కావలివారు నిద్రపోతారు, బందీ మేలుకొని ఉంటాడు. ఇక్కడ బందీయే నిద్రపోతాడు. జీవితమంతా ఎవరికోసం పాడాడో వారు వచ్చి వెళ్లిన రాత్రి అతనికి ఏమీ తెలియదు. దర్శనం దొరికినది చెరలో పెట్టినవానికి. మేల్కొన్న రామదాసు విడుదలకు సంతోషించడానికి ముందు, సుల్తానుకు కనిపించి తనకు కనిపించలేదేమని దుఃఖిస్తాడు. ఈ దుఃఖమే కథకు ప్రాణం. చెర వీడింది గాని అతడు కోరినది చెర వీడడం ఒక్కటే కాదు.

సుల్తాను పాత్రచిత్రణలో కూడా సంప్రదాయం జాగ్రత్త పాటించింది. రామోజీ, లక్ష్మోజీ ఖజానాకు రావలసినది చివరి మాడ వరకు చెల్లించారు. అతనిని మోసగించలేదు, శిక్షించలేదు. అంటే రాజ్యం అడిగిన బాకీ న్యాయమైనదేనని కథ ఒప్పుకొంటోంది. సర్కారు సొమ్మును దేవునికి వాడడం తప్పు కాదని అది ఎక్కడా వాదించదు. తప్పును తీర్చే బాధ్యత దేవుడు తీసుకొన్నాడంటుంది. తానీషా రామభక్తుడై భద్రాచలానికి ముత్యాలు పంపాడని ముగిస్తుంది. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారానికి ఇదే మూలమని ప్రతీతి. ఒకనాడు దేవుడు సర్కారుకు చెల్లించాడు. అప్పటి నుంచి ఏటా సర్కారు దేవునికి చెల్లిస్తోంది. కథలోని పద్దు ఆచారంగా మారి నేటికీ కొనసాగుతోంది. ఈ సమతూకాన్ని విస్మరించి, ఘట్టాన్ని దుష్టుడైన పరమత ప్రభువుకూ సాధువైన భక్తునికీ మధ్య సంఘర్షణగా మలిస్తే కథలోని చెల్లుచీటీకి అర్థమే ఉండదు.

డెల్టాలో ఘట్టపు కొనసాగింపు

ఈ విడుదల కథ ఎంత దూరం ప్రయాణించిందో త్యాగరాజు (1767–1847) కృతులు తెలుపుతాయి. కావేరీతీరంలో ఆయన రామదాసు బంధవిముక్తిని రాముని దయకు నిదర్శనంగా స్మరించాడు. ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసుకు వందనం చేశాడు. కృష్ణకు ఈవలి గట్టున గుంటూరుకు చెందిన తూము నరసింహదాసు (1790–1833) భద్రాచలం చేరి ఆలయ సేవలను చక్కదిద్దాడు. తిరువయ్యారు వెళ్లి త్యాగరాజును దర్శించినవాడు కూడా ఆయనే. ఈ విధంగా రామదాసు సంప్రదాయానికీ త్యాగరాజుకూ మధ్య డెల్టా మనిషి ఒకడు వారధి అయ్యాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాత్రను విజయవాడ ఆకాశవాణి స్వీకరించింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఈ కేంద్రంలో భక్తిరంజని కార్యక్రమాన్ని తీర్చిదిద్దిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలను తెల్లవారుజామున ఇళ్లకు చేర్చాడు. భజన గోష్ఠిలో నలుగురూ కలిసి పాడే పాట రేడియోలో ఒంటరి గొంతు అయింది. ఒంటరిగా చీకటి గదిలో పాడుకొన్న పాటలుగా చెప్పబడే వాటికి ఈ మార్పు మేలే చేసింది. కృష్ణా డెల్టాలోని రేపల్లెలో జన్మించిన చిత్తూరు నాగయ్య 1964లో భక్త రామదాసు చిత్రానికి దర్శకత్వం వహించి, ప్రధాన పాత్రను తానే ధరించాడు. 2006లో మరొక చిత్రం వచ్చింది. మాధ్యమం ఏదైనా ప్రేక్షకుడు ఎదురుచూసే దృశ్యం ఆ రాత్రి చెల్లింపే.

బందీ అయిన సుల్తాను

ఈ కథకు చరిత్ర ఒక అనుబంధం రాసింది. 1687లో సుమారు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోయింది. గోడలు కూలి కాదు. లంచానికి లొంగిన కోటలోని ఉద్యోగి ఒకడు రాత్రివేళ ద్వారం తెరిచాడు. పట్టుకోవడానికి మొగలు సేనానులు వచ్చినప్పుడు అబుల్ హసన్ నిబ్బరం కోల్పోక, వారిని కూర్చోబెట్టి తన భోజనం ముగించాడని చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. తర్వాత అతనిని దౌలతాబాదు కోటలో నిర్బంధించారు. 1699 ప్రాంతంలో అక్కడే మరణించాడు. సుమారు పన్నెండేళ్లు.

చరిత్ర ధ్రువీకరించే పన్నెండేళ్ల చెర భక్తునిది కాదు, తానీషాది. అతని కోసం ఏ రాత్రీ ఎవరూ చెల్లుచీటీ తేలేదు. ఎందుకంటే అది బాకీకి పట్టిన చెర కాదు, రాజ్యానికి పట్టిన చెర. దానికి తీరే లెక్క లేదు. సుల్తాను చెర జ్ఞాపకమే భక్తుని కథలోకి సంఖ్యను అందించిందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే రెండు చెరలను పక్కపక్కన ఉంచినప్పుడు రామదాసు కథ ఎంతటి ఆశను మోస్తున్నదో తెలుస్తుంది. తీర్చగల బాకీకి పట్టిన చెరకు ముగింపు ఉంటుంది.

ముగింపు

రామదాసు విడుదల ఘట్టాన్ని అద్భుతంగా మాత్రమే చదివితే అందులోని సగం కనబడదు. శిస్తు బకాయికి మనిషి దేహాన్ని తాకట్టుగా పట్టిన వ్యవస్థలో బతికిన సమాజం, విముక్తిని ఆ వ్యవస్థ భాషలోనే ఊహించింది. ఆ వ్యవస్థ ఎంత కఠినమైనదో మచిలీపట్నం వృత్తాంతం చెబుతుంది. దాని భాష ఎంతగా మనసులో ఇంకిందో కీర్తనలలోని పద్దులు చెబుతాయి. గోడ దూకి పారిపోయినవాడు ఎప్పుడైనా మళ్లీ పట్టుబడవచ్చు. చెల్లుచీటీ చేతిలో ఉన్నవాడిని మాత్రం మళ్లీ ఎవరూ పట్టుకోలేరు. ఏటేటా శిస్తు కట్టి రసీదును ఇంటి పెట్టెలో దాచుకొనే డెల్టా రైతుకు ఈ తేడాను ఎవరూ వివరించనవసరం లేదు. దేవుడు వచ్చి రసీదు తీసుకొని తలగడ కింద పెట్టి వెళ్లాడన్న ఊహ ఆ రైతుకు వింతగా కాక, తనకు తెలిసిన న్యాయంగా తోచి ఉంటుంది. ఈ కథ డెల్టాలో ఇంతకాలం నిలవడానికి అదొక కారణం.